అమ్మానాయన అమెరికా పోతున్నరు: ఇండియా ఓటీపీలు రావాలె, అక్కడ నెట్టు నడవాలె, ఎట్ల?

హన్మకొండ_రాజు
అమ్మ, నాయన వచ్చే నెల డల్లాస్ పోతున్నరు, చెల్లె దగ్గరికి. మూడు నెలలు ఉంటరు. శంషాబాద్‌ల ఎక్కి దుబాయ్‌ల దిగుడు, నాలుగు గంటలు ఆగి మళ్ల ఎక్కుడు. నాయన దగ్గర చెల్లె అక్కడి నుంచి పంపిన ఐఫోన్ 14 ఉన్నది, దానికి సిమ్ పెట్టే ట్రేనే లేదు. వైఫై మీద వాడుతున్నడు, సిమ్ ఇంకా పాత ఫోన్‌లనే ఉన్నది. అమ్మది ఇక్కడ కొన్న రెడ్‌మీ నోట్. నాయన పెన్షన్ బ్యాంకు ఓటీపీలు ఇండియా నంబరుకే వస్తయి, అవి ఆగొద్దు. చౌరస్తాల సిమ్ముల షాపాయన "రోమింగ్ ప్యాక్ వేసుకోండ్రి, అయిపాయె" అంటున్నడు. మూడు నెలలకు అది కుదురుతదా?

కాజీపేట_జంక్షన్
కుదరది. రోమింగ్ ప్యాకులు ఎక్కువగ ఒక రోజు, పది రోజులు, నెల లెక్కన ఉంటయి. మూడు నెలలు అవే వేసుకుంట పోతే పైసలు పారబోసుడే. అక్కడి సిమ్ తీస్కోండ్రి.

పాకాల_చెరువు
వైఫై చాలదా? పెద్దమనుషులు, ఇంట్లనే ఉంటరు గద.

మానేరు_గట్టు
చాలదు. వైఫై మీద వాట్సాప్ వస్తది గని బ్యాంకు ఓటీపీ ఎస్సెమ్మెస్‌ను దాని మీద నమ్ముకోలేం. అది సిమ్‌కు అక్కడి టవర్ దొరికితే వస్తది. ఓటీపీ ఒక పని, నెట్టు ఇంకో పని. ఈ రెంటినీ ఒక్క సిమ్ మీద వేస్తేనే ఖర్చూ చిక్కూ రెండూ పెరుగుతయి.

ఇండియా సిమ్ ఫోన్‌ల ఆన్‌ల ఉండాలె, దాని డేటా రోమింగ్ మాత్రం ఆఫ్‌ల ఉండాలె. రోమింగ్‌ల మనకు వచ్చే ఎస్సెమ్మెస్‌కు మన కంపెనీలు పైసలు తీస్కోవు. కాల్ ఎత్తితే పడ్తది, మనం ఎస్సెమ్మెస్ పంపితే పడ్తది. కాబట్టి ఆ సిమ్ ఓటీపీ కోసమే, కాల్ వస్తే ఎత్తొద్దని ఇద్దరికీ చెప్పండి. చుట్టాలకు వాట్సాప్ కాల్ చెయ్యమనండి.

ఇంటర్నేషనల్ రోమింగ్ సర్వీసు ఇక్కడుండంగనే కంపెనీ యాప్‌ల ఆన్ చెయ్యాలె. మామూలుగ అది ఆఫ్‌లనే ఉంటది. ఆన్ చెయ్యకుంట పోతే అక్కడ సిమ్‌కు నెట్‌వర్కే పట్టదు, ఆన్ చేద్దామని యాప్ తెరిస్తే మళ్ల అదే నంబరుకు ఓటీపీ పంపుతా అంటది. మీ ప్లానుకు ఏమన్నా షరతు ఉన్నదేమో అదే యాప్‌ల చూసుకోండి. ఇగ ఇండియా రీచార్జ్ గడువు మూడు నెలలు దాటి ఉండేది వేయించండి. గడువు అయిపోతే కంపెనీ వచ్చేవాటిని గూడ ఆపుతది.

ఓరుగల్లు_పిల్ల
మానేరు అన్న చెప్పింది కరెక్టు. అయితే ఐఫోన్ 14 సంగతి వేరే. 2022ల అమెరికాల అమ్మిన ఐఫోన్ 14 నుంచి అక్కడి మోడళ్లకు ట్రే లేదు, ఈసిమ్ (ప్లాస్టిక్ కార్డు లేకుంట ఫోన్‌లకే దింపుకునే సిమ్) ఒక్కటే. అంటే నాయనగారి ఇండియా సిమ్ గూడ ఈసిమ్ కావాలె. ఐఫోన్ 13 నుంచి ఒకేసారి రెండు ఈసిమ్‌లు ఆన్‌ల ఉండొచ్చు, కాబట్టి ఇండియాది ఒకటి, అమెరికాది ఒకటి దర్జాగ నడుస్తయి.

అన్నిటికంటె ముందు ఒకటి చూడండి రాజన్నా. సెట్టింగ్స్, జనరల్, అబౌట్ తెరిచి కిందికి పోతే క్యారియర్ లాక్ అని ఉంటది. ఎదురుంగ "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని ఉంటే ఏ సిమ్మైనా నడుస్తది. అట్ల లేకపోతే అది అక్కడి కంపెనీకి తాళం పడ్డ ఫోను, ఇండియా ఈసిమ్ ఎక్కది. కిస్తీల మీద తీసిన ఫోన్లకు ఇట్ల ఉంటది. బాకీ కట్టేసి, ఎవరి పేరు మీద బిల్లు ఉన్నదో వాళ్లే కంపెనీని అడిగి తాళం తీయించాలె. ఇక్కడి షాపులల్ల చేసే కిటుకులు ఒక అప్‌డేట్ వస్తే పోతయి.

హన్మకొండ_రాజు
ఇప్పుడే చూసిన అక్కా. నో సిమ్ రిస్ట్రిక్షన్స్ అనే ఉన్నది. పానం తేటగయింది. ఇగ ఇండియా సిమ్‌ను ఈసిమ్ చేసుడు ఎట్ల? ప్రయాణం ముందురోజు చేస్తే సరిపోతదా?

ఓరుగల్లు_పిల్ల
ముందురోజు అసలే వద్దు! సిమ్ మార్చినా, ఈసిమ్ చేసినా 24 గంటలు ఆ నంబరుకు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. సిమ్ మార్చి డబ్బులు కొట్టేసే మోసాలు ఆపెతందుకు 2022 చివర టెలికాం శాఖ పెట్టిన నిబంధన. మంచిదే, కాకపోతే ఆ 24 గంటల్ల ఒక్క ఓటీపీ రాదు. పదిహేను రోజుల ముందే చేసేయండి. ఏ బ్యాంకు పనీ లేని రోజు చూసుకొని మొదలువెట్టండి.

ఫోన్ యాప్‌ల *#06# కొడితే ఐఎంఈఐతో (ఫోన్ గుర్తింపు నంబరు) పాటు ఈఐడీ (ఈసిమ్ గుర్తింపు నంబరు) అని 32 అంకెల నంబరు కనిపిస్తది. అది కనిపిస్తేనే ఆ ఫోను ఈసిమ్ తీస్కుంటది. జియో అయితే ఆ ఈఐడీ, ఐఎంఈఐ రెండూ 199కి మెసేజ్ చెయ్యాలె, ఎయిర్‌టెల్ అయితే రిజిస్టరైన ఈమెయిల్‌తో 121కి. సిమ్ ఏ ఫోన్‌ల ఉన్నదో ఆ ఫోన్ నుంచే పంపాలె. వరుస మారుతుంటది, ఆ రోజు యాప్‌ల ఎట్ల చెప్తే అట్ల చెయ్యండి. కంపెనీ పంపే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఈసిమ్ దింపుకునేటప్పుడు వైఫై గట్టిగ ఉండాలె.

పాకాల_చెరువు
క్యూఆర్ కోడ్ అదే ఫోన్‌ల వస్తే స్కాన్ చేసేది ఎట్ల?

ఓరుగల్లు_పిల్ల
వేరే ఫోన్‌ల తెరిచి స్కాన్ చెయ్యాలె, లేకపోతే జిరాక్స్ సెంటర్ల ప్రింటు తీయించాలె. కొత్త ఐఓఎస్‌ల అయితే ఆ బొమ్మ మీదనే ఏలు ఒత్తిపట్టుకుంటే ఈసిమ్ చేర్చుడు అని అడుగుతది. మరిచిపోవద్దు, ఆ కోడ్ చాలాసార్లు ఒక్కసారికే పనిచేస్తది. "నెట్టు రావట్లేదు, తీసేసి మళ్ల పెడ్త" అని ఈసిమ్‌ను డిలీట్ చేస్తే మళ్ల కంపెనీ చుట్టు తిరుగుడే. ఆఫ్ చెయ్యండి గని డిలీట్ చెయ్యకండి.

లక్నవరం_వంతెన
అమ్మగారి రెడ్‌మీ గురించి ఎవ్వరూ చెప్తలేరు. అసలు చిక్కు ఆడనే ఉన్నది.

అమెరికాల ఏటీ అండ్ టీ, టీ-మొబైల్, వెరైజాన్ మూడూ 2022లనే 3జీ మూసేసినయి. అంటే ఫోన్‌కు అక్కడి 4జీ బ్యాండ్లు (సిగ్నల్ నడిచే తరంగాల వరుసలు, ఒక్కోదానికి ఒక నంబరు) ఉండాలె, దాని మీద వోల్టీ (4జీ మీదనే పోయే) కాల్ పోవాలె. మన దగ్గర అమ్మే ఫోన్లకు ఎక్కువగ 1, 3, 5, 8, 40, 41 బ్యాండ్లు ఉంటయి. టీ-మొబైల్‌కు కావాల్సినవి 2, 4, 66, ఇంకా దూరం పోయేటివి 12, 71. ఈ చివరి రెండు లేకపోతే ఊరి బయట, ఇంటి లోపల సిగ్నల్ పడిపోతది. ఏటీ అండ్ టీ ఇంకా గట్టిది. తాము ఒప్పుకున్న మోడళ్ల పట్టీ పెట్టుకున్నది, పట్టీల లేని ఫోనుకు సిమ్ పెట్టినా ఆపేస్తది. మన షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీల్ల చాలా మోడళ్లు ఆ పట్టీల ఉండవు.

ఫోన్ డబ్బా మీదనో కంపెనీ సైట్లనో మోడల్ నంబరు పట్టుకొని బ్యాండ్లు చూడండి. "నోట్ అన్నీ ఒక్కటే" అనుకోవద్దు, ఒకే పేరు మీద దేశానికొక మోడల్ ఉంటది. తర్వాత ఆ ఐఎంఈఐని అక్కడి కంపెనీ సైట్ల వేసి చూస్తే నడుస్తదో లేదో చెప్తది.

హన్మకొండ_రాజు
చూసిన. 2, 4, 12, 66 ఏవీ లేవు. ఇప్పుడు అమ్మకు కొత్త ఫోను కొనాల్నా?

లక్నవరం_వంతెన
అక్కర్లేదు. ఇంట్ల వైఫై మీద అమ్మ ఫోన్ మంచిగనే నడుస్తది. బయటికి పోతే ఇద్దరూ కలిసే పోతరు గద, నాయన ఐఫోన్ల హాట్‌స్పాట్ ఆన్ చేస్తే అమ్మ ఫోన్ దానికి తగులుకుంటది. ఇక్కడుండంగనే ఒక్కసారి జత చేసి పెట్టండి, అక్కడ పాస్‌వర్డ్ కొట్టే పని ఉండది. ఎంచుకునే ప్లాన్ల హాట్‌స్పాట్‌కు ఎన్ని జీబీలు ఇస్తున్నరో మాత్రం చూడాలె. కొన్ని ప్లాన్లు "అన్‌లిమిటెడ్" అంటయి గని హాట్‌స్పాట్‌కు వేరే హద్దు పెడ్తయి.

మానేరు_గట్టు
అమ్మ ఇండియా సిమ్‌కు ఏమన్నా ఓటీపీలు వస్తయా? ఆ ఫోన్‌కు బ్యాండ్లు లేకపోతే ఇండియా సిమ్ గూడ అక్కడి టవర్ పట్టకపోవచ్చు, అది గుర్తుంచుకోండి. అట్లాంటి ఖాతా ఉంటే పోకముందే బ్యాంకుల ఈమెయిల్ గూడ చేర్పించండి, కొన్ని బ్యాంకులు ఓటీపీ ఈమెయిల్‌కు గూడ పంపుతయి.

హన్మకొండ_రాజు
అమ్మకు ఆధార్, గ్యాస్ తప్ప ఏం లేవు. మరి నాయనకు అక్కడ ఏ కంపెనీ సిమ్?

కాజీపేట_జంక్షన్
మింట్ మొబైల్ చూడండి. టీ-మొబైల్ టవర్ల మీదనే నడుస్తది, మూడు నెలల పైసలు ఒకేసారి కట్టుడు దాని పద్ధతి. మీ లెక్కకు సరిగ్గ సరిపోతది. ఈసిమ్ ఇస్తది. చెల్లె కార్డుతో కట్టి కోడ్ ఈమెయిల్ చేస్తే చాలు. ఆన్ మాత్రం అక్కడ దిగినంకనే చెయ్యాలె, ఇక్కడ టీ-మొబైల్ టవర్ ఉండది.

పాకాల_చెరువు
చెల్లె ఫ్యామిలీ ప్లాన్ల ఒక లైను చేర్పిస్తే ఇంకా తక్కువ పడ్తది గదా?

కాజీపేట_జంక్షన్
పడొచ్చు. కొన్ని ప్లాన్లల్ల నాలుగో లైను, ఐదో లైను చవుక. కానీ లైను తీసేసేటప్పుడు తిప్పలు పెడ్తయని అక్కడోళ్లు అంటరు. చెల్లెనే లెక్క చూసుకోమనండి.

బాలసముద్రం_భాను
ఇంత లొల్లి ఎందుకు, ట్రావెల్ ఈసిమ్‌లు అమ్మే ఎయిరాలో యాప్ దింపుకుంటే పది నిమిషాల పని.

లక్నవరం_వంతెన
ఇండియాల అది దొరకది. 2024 జనవరిల ఎయిరాలో, హోలాఫ్లై రెండిటినీ మన ప్రభుత్వం ఆపేయించింది, ఆపిల్, గూగుల్ స్టోర్లకెల్లి గూడ తీసేసిన్రు. విదేశీ సిమ్ ఇక్కడ అమ్మాలంటే టెలికాం శాఖ అనుమతి కావాలె, కొనేటోళ్ల పాస్‌పోర్టు, వీసా కాగితాలు తీస్కోవాలె. అవి తీస్కోకుంట అమ్మిన సిమ్ములు సైబర్ మోసాలకు పోతున్నయని ఆపిన్రు. ఇక్కడ కొనాలనుకుంటే కాగితాలు అడిగే దగ్గరనే కొనండి. ఏ కాగితమూ అడగకుంట ఇస్తా అన్నడంటే ఆ షాపు దిక్కు పోవద్దు.

ఇంకొకటి, ఈ ట్రావెల్ ఈసిమ్‌లు సొంత టవర్లున్న సిమ్ములు గావు, వేరే దేశం కంపెనీది రోమింగ్ మీద నడుస్తది. అందుకే వాటికి డేటా రోమింగ్ ఆన్ చెయ్యాలె. చాలామంది ఇక్కడనే తప్పు చేస్తరు. "రోమింగ్ అంటే బిల్లు" అని రెండు లైన్లకూ ఆఫ్ చేసి, నెట్టు వస్తలేదని కూసుంటరు. ఇండియా లైనుకు ఆఫ్, ట్రావెల్ లైనుకు ఆన్. అయినా రాకపోతే ఫోన్‌ల ఏపీఎన్ అనే నెట్టు సెట్టింగు ఆ ఈసిమ్ కంపెనీ చెప్పినట్టే ఉన్నదో లేదో చూడాలె.

బాలసముద్రం_భాను
ఓ, నాకు తెల్వలే. వారం పది రోజుల టూర్లకు మరి?

మానేరు_గట్టు
వారానికి, అదీ నాలుగు దేశాలు తిరిగేటోళ్లకు, ఇండియా రోమింగ్ ప్యాకే మేలు. ఫోన్ల ఏం మార్చే పని లేదు, ఓటీపీ, కాల్, నెట్టు అన్నీ అదే నంబరు మీద. జంక్షన్ గారు అన్న "పారబోసుడు" మూడు నెలలకే వర్తిస్తది. యూరప్‌ల అయితే ఒక దేశం సిమ్ తీస్కుంటే 2017 జూన్ నుంచి యూరోపియన్ యూనియన్ దేశాలన్నిట్ల అదే రేటుకు నడుస్తది. స్విట్జర్లాండ్, బ్రిటన్ ఆ లెక్కల రావు, సిమ్ కొనేటప్పుడే అడగాలె. చైనాకైతే రోమింగే వేసుకోండి. అక్కడి సిమ్ మీద గూగుల్, వాట్సాప్ తెరుచుకోవు. రోమింగ్ సిమ్ డేటా తిరిగి మన దేశం మీదికెల్లి పోతది కాబట్టి తెరుచుకుంటయి. ఆ సుట్టు తిరుగుడుతోనే రోమింగ్ నెట్టు జర మెల్లగ ఉంటది.

ప్యాక్ పనిచేసే నెట్‌వర్కుల పట్టీ కంపెనీ సైట్ల ఉంటది. ఫోన్ తనంతట తాను వేరే నెట్‌వర్క్ పట్టుకుంటే ప్యాక్ ఉన్నా నెట్టు రాదు, లేకపోతే బిల్లు మోగుతది. ఆటోమేటిక్ ఆఫ్ చేసి చేతితోటి ఎంచుకోవాలె.

జగిత్యాల_ఎడారి
అమెరికా ముచ్చట అయిందా? మా దిక్కు జగిత్యాల, మెట్‌పల్లి, సిరిసిల్లల ఇంటికొకరు గల్ఫ్‌ల ఉంటరు. మా తమ్ముడు సౌదీకి డ్రైవర్ వీసా మీద పోతున్నడు. ఇండియా నంబరు రెండేండ్లు ఎట్ల కాపాడుకోవాలె?

మానేరు_గట్టు
ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే తీసేసే హక్కు కంపెనీకి ఉంటది. ఖాతాల 20 రూపాయలు ఉంటే ఇంకో 30 రోజులు పొడిగించాలని ట్రాయ్ (ఫోన్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ) నిబంధన. దీని మీద ఆధారపడొద్దు, గడువు లేకపోతే ఓటీపీలు అంతకంటె ముందే ఆగుతయి. ఏడాది గడువున్న రీచార్జ్ ఇంట్లోళ్లు ఇక్కడి నుంచి వేస్తే చింత లేదు. పోయిన నంబరు కొన్నాళ్లకు వేరేటోళ్లకు ఇస్తరు. అప్పుడు నీ బ్యాంకు ఓటీపీ వాళ్లకు పోతది, అదే అసలు భయం.

దమ్మామ్_దోస్తు
సౌదీల సిమ్ పాస్‌పోర్టు చూపి, ఏలిముద్ర వేసి తీస్కోవాలె. ఎస్టీసీ, మొబైలీ, జైన్ కౌంటర్లు ఎయిర్‌పోర్టుల్లనే ఉంటయి. ఇకామా (సౌదీల ఉండేతందుకు ఇచ్చే కార్డు) వచ్చినంక అదే నంబరును ఇకామా మీదికి రాయించుకోమను. అబ్షర్ (సౌదీ సర్కారు ఆన్‌లైన్ సేవలు) ఖాతాకు, బ్యాంకుకు తన పేరు మీద ఉన్న సౌదీ నంబరే కావాలె. రూముల ఎవరో పాత సిమ్ ఇస్తా అంటరు, తీస్కోవద్దు. ఆ సిమ్ మీద ఎవరన్నా తప్పు పని చేసి ఉంటే మనోడు ఇరుక్కుంటడు. తన ఏలిముద్ర మీద వేరేటోళ్లకు సిమ్ గూడ ఇప్పియ్యొద్దు, ఇది ఇంకా ప్రమాదం.

పైసలు పంపుడుకు ఒక మంచి దారి ఉన్నది. 2023 నుంచి ఎన్ఆర్‌ఈ, ఎన్ఆర్‌ఓ ఖాతాలకు (విదేశాలల్ల ఉండే మనోళ్ల బ్యాంకు ఖాతాలు) విదేశీ నంబరు మీద యూపీఐ ఇస్తున్నరు. మొదటి పట్టీలనే సౌదీ, యూఏఈ, ఖతార్, ఒమన్ ఉన్నయి. పనికి పోయేటోడు మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్‌ఓగ మార్పించుకోవాలె, అది ఎట్లైనా చట్టమే. అదే పనిల +966తో మొదలయ్యే సౌదీ నంబరు రాయించుకుంటే ఇండియా సిమ్ మీద సగం బరువు తగ్గుతది. ముందు ఆ బ్యాంకు ఈ సౌకర్యం ఇస్తున్నదో అడగండి, అన్ని బ్యాంకులు ఇయ్యవు.

జగిత్యాల_ఎడారి
ఇది ఎవ్వరూ చెప్పలే అన్నా. దుబాయ్‌ల మా బావకు వాట్సాప్ కాల్ పోతలేదు, మెసేజ్ పోతది. ఫోన్ కరాబైందా?

దమ్మామ్_దోస్తు
ఫోన్ కరాబు గాదు. యూఏఈల వాట్సాప్ కాల్‌కు అనుమతి లేదు, మెసేజ్‌కు ఉన్నది. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ ఇద్దరి ఫోన్లల్ల ఉండాలె. రూముల వీపీఎన్ (నెట్టును వేరే దేశం మీదికెల్లి తిప్పే యాప్) వేసి చూపిస్తరు, వినొద్దు. వీపీఎన్ వాడి నేరం చేసినా, దాచినా అక్కడి చట్టంల జుర్మానా 5 లక్షల దిర్హాముల నుంచి 20 లక్షల దాక ఉన్నది. కాల్ కోసం అంత తెగువ చేసే పని లేదు.

హన్మకొండ_రాజు
అయితే దుబాయ్‌ల ఆగే నాలుగు గంటలు నాయన మాతోని వాట్సాప్ కాల్ మాట్లాడలేడు?

దమ్మామ్_దోస్తు
ఎయిర్‌పోర్టు వైఫై ఫ్రీ. "దిగినం, గేటు దొరికింది" అని మెసేజ్ పెడ్తే చాలదా? వాయిస్ మెసేజ్ గూడ పోతది, టైప్ చెయ్యరాకపోయినా మాట్లాడి పంపొచ్చు.

ఓరుగల్లు_పిల్ల
విమానంల ఎయిర్‌ప్లేన్ మోడ్ తియ్యొద్దని పెద్దోళ్లకు గట్టిగ చెప్పండి. కొన్ని విమానాలల్ల లోపలనే చిన్న టవర్ ఉంటది, ఫోన్ దాన్ని పట్టుకుంటది. నేల మీది రోమింగ్ ప్యాకులల్ల చాలావరకు అది ఉండది, రేటు భయంకరం.

దిగినంక సెట్టింగ్స్‌ల మొబైల్ డేటాకు అమెరికా లైన్ పెట్టాలె, "అలో మొబైల్ డేటా స్విచింగ్" అన్నది ఆఫ్ చెయ్యాలె. అది ఆన్ ఉంటే సిగ్నల్ తక్కువైనప్పుడు ఫోన్ తనంతట తానే రెండో లైను డేటాకు మారుతది. ఇక్కడనే కూసోబెట్టి రెండుసార్లు చేయించండి, కాగితం మీద రాసియ్యండి.

బాలసముద్రం_భాను
వాట్సాప్ కొత్త నంబరు అడుగుతది గద?

ఓరుగల్లు_పిల్ల
"నంబరు మార్చాల్నా" అంటే వద్దు అని ఒత్తాలె. పాత నంబరు మీదనే నడుస్తది. అయితే వాట్సాప్ లాంటి యాప్‌లు రిజిస్టరైన సిమ్ ఫోన్‌ల ఉంటేనే పనిచెయ్యాలని 2025 నవంబరుల టెలికాం శాఖ ఆదేశం ఇచ్చింది. కాబట్టి ఇండియా సిమ్‌ను తీసి బీరువాల పెట్టి పోయే అలవాటు మానుకోవాలె. యూపీఐ గూడ అంతే. అక్కడ ఫోన్ మార్చినా, రీసెట్ కొట్టినా మళ్ల ఇండియా సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ పంపి రిజిస్టర్ కావాలె. రోమింగ్‌ల అది చాలాసార్లు పోదు.

పాకాల_చెరువు
మూడు నెలలకు ఎన్ని జీబీలు కావాలె?

లక్నవరం_వంతెన
ఇంట్ల వైఫై ఉంటే నెలకు 5 జీబీ ఎక్కువే. వాట్సాప్ వీడియో కాల్ గంటకు ఉజ్జాయింపుగ 300 ఎంబీ పడ్తది, మాట కాల్‌కు అందుల పదో వంతు. డేటా తినేది కాల్ గాదు, ఎనకనుంచి పోయే ఫోటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్లు, గ్రూపులల్ల పొద్దున్నే దిగే వీడియోలు. ఆ మూడూ వైఫైకే పెట్టండి. డల్లాస్ మ్యాపు ఇంట్లనే ఆఫ్‌లైన్ దింపి పెడ్తే దారి తప్పినా ఇల్లు దొరుకుతది.

కాజీపేట_జంక్షన్
ఇంకో రెండు. ఇండియా లైన్ల ##002# కొట్టి కాల్ ఫార్వర్డింగులు అన్నీ తీసేయండి. ఎత్తని కాల్ రోమింగ్‌ల ఉండి వేరే నంబరుకు మళ్లితే అటు ఇటు రెండు దిక్కుల ఛార్జీ పడే ప్రమాదం ఉన్నది. కాంటాక్టులల్ల పది అంకెలే ఉన్న నంబర్లకు ముందు +91 పెట్టండి. అక్కడి సిమ్ నుంచి పది అంకెలు కొడితే అమెరికా నంబరు అనుకుంటది.

హన్మకొండ_రాజు
రాసుకున్న. ఈ ఆదివారం నాయన సిమ్ ఈసిమ్ చేయిస్త, సోమవారం దాక బ్యాంకు పని పెట్టుకోడు. రోమింగ్ సర్వీసు ఆన్, మూడు నెలలు దాటే రీచార్జ్, ##002#, హాట్‌స్పాట్ జత. చెల్లెకు మింట్ సంగతి, ఫ్యామిలీ లైను సంగతి రెండూ చెప్పిన, లెక్క చూస్తా అన్నది.

మానేరు_గట్టు
ఈసిమ్ ఎక్కినంక పాత ప్లాస్టిక్ సిమ్ పనిచెయ్యది. అయినా 24 గంటలు దాటి, ఒక బ్యాంకు ఓటీపీ కొత్త ఫోన్‌ల కండ్లారా చూసినంకనే పాత ఫోన్‌ను పక్కన పెట్టండి.

జగిత్యాల_ఎడారి
మా తమ్మునికి రెండు సిమ్ముల ఫోనే ఉన్నది, ఈసిమ్ బాధ లేదు. ట్రే తీసే సూది ఒకటి పాస్‌పోర్టు కవరుకు టేపు వేసి అంటించిన. సౌదీ ఎయిర్‌పోర్టుల దిగి వెతుక్కోకుంట.